చలికాలపు చుట్టాలు: నీళ్లు సగం, బీడు సగం

నవంబరు నుండి మార్చి వరకు మన కర్నూలు, నంద్యాల మెట్ట ప్రాంతాలకు ఎక్కడెక్కడి నుండో పక్షులు వస్తాయి. వాటిని చూడాలంటే రిజర్వాయరు గట్టెక్కి నీళ్ల వైపు చూస్తే చాలనుకుంటారు చాలామంది. జువాలజీ విద్యార్థులుగా మేము చెప్పేదేమంటే, అలా చూస్తే సగమే చూసినట్టు. మిగతా సగం మన వీపు వెనుక, శనగ చేలల్లో, గడ్డి బీళ్లల్లో ఉంటుంది.

ముందుగా బార్ హెడెడ్ గూస్ సంగతి. తెల్లని తల మీద రెండు నల్ల పట్టీలుండే ఈ పెద్ద బాతు మంగోలియా, టిబెట్ ప్రాంతాల్లో గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి వస్తుంది. 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు కూడా శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అక్కడి పలుచని గాలిలోనూ దాని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను బాగా పట్టుకుంటుంది. (ఇంటర్‌లో ఈ పాఠం బట్టీ పట్టిన తమ్ముళ్లు ఒకసారి ఆ పక్షిని కళ్లారా చూడాలి.) పగలు నీటి అంచున కునుకు తీస్తుంది. మేతకు మాత్రం రాత్రిపూట, తెల్లవారుజామున పొలాలకు పోతుంది. నీళ్లు దానికి డార్మిటరీ అయితే, పొలం మెస్సు.

పిల్లిగద్దది దీనికి తిరకాసు. కజకిస్తాన్, రష్యా మైదానాల నుండి వచ్చి, చేల మీద తక్కువ ఎత్తులో తేలుతూ మిడతలను పడుతుంది. పొద్దుగూకగానే మిగతా గద్దల్లా చెట్టెక్కదు, గుంపుగా గడ్డిలోనే నేల మీద పడుకుంటుంది. రోళ్లపాడు గడ్డి నేలలు వీటికి పేరున్న చోటు. ఆ గడ్డి దున్నేస్తే వాటికి పడక లేదు.

ఆ నేలనే రికార్డుల్లో బీడు అంటారు. 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేసింది బట్టమేక పిట్ట కోసం. ఏటా సాధారణంగా నేల మీద ఒక్క గుడ్డే పెట్టే ఆ పక్షి ఇప్పుడు దేశం మొత్తం మీద 200 లోపే. ఇక్కడ దాదాపు కనిపించడం మానేసింది. చుట్టూ గడ్డి నేలలు సాగులోకి రావడం ఒక కారణం. ఆ సాగులో కూలికి పోయే మా అమ్మానాన్నల కష్టంతోనే మేము మా ఇళ్లలో మొదటి గ్రాడ్యుయేట్లమయ్యాం. కాబట్టి రైతును తిట్టే వ్యాసం మేము రాయలేము. మిగిలిన కొద్దిపాటి గడ్డినైనా 'వృథా భూమి' అనకుండా ఉంటే చాలు.

ఇక చూసే పద్ధతి. పొద్దున తూర్పు గట్టున నిలబడండి, ఎండ వీపున పడితే రంగులు తెలుస్తాయి. గుంపులో పది పక్షులను లెక్కించి, అలాంటి పదులు ఎన్నున్నాయో చూడండి. తేదీ, సమయం, చోటు, ఏం చేస్తున్నాయో రాయండి. ఏమీ లేకపోతే 'లేవు' అని రాయండి, అదీ లెక్కే. పిల్లిగద్దలు ఎక్కడ దిగుతాయో గొర్రెల కాపరులను అడగండి, మా ప్రొఫెసర్ల కన్నా వాళ్లకే బాగా తెలుసు.

1987 నుండి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఆసక్తి ఉన్న మామూలు జనం కూడా పాల్గొనవచ్చు. ఈసారి అలగనూరు రిజర్వాయరుకు పోవాలనుకుంటున్నాం. నోటుపుస్తకం, మంకీ క్యాపు తెచ్చుకోండి. బైనాక్యులర్ ఒక్కటే ఉంది, వంతులవారీగా చూద్దాం.