దీపాలదిన్నె

ఉద్దేశం: శిథిలస్థలాన్ని దర్శించడానికి కంటితోపాటు చరిత్రజ్ఞానం కూడా అవసరమని తెలియజేయడం.

కృష్ణానది దక్షిణతీరాన ఉన్న అమరావతికి గుంటూరునుండి బస్సులో బయలుదేరిన యాత్రికుని మనస్సులో, చరిత్ర పుస్తకాలలో చదివిన మహాస్తూపం ముందుగానే నిలిచి ఉంటుంది. పంచారామాలలో ఒకటైన అమరేశ్వరాలయాన్ని దర్శించి, ఉత్సాహంతో స్తూపస్థలానికి చేరిన అతనికి కనిపించేది పచ్చిక మొలచిన గుండ్రని దిబ్బ, దాని చుట్టూ ఇటుకల వరుసలు, అక్కడక్కడ విరిగిన రాతిస్తంభాలు మాత్రమే. పావుగంటలో ప్రదక్షిణం పూర్తవుతుంది. "ఇంతేనా?" అని పెదవి విరిచి, తిరుగు బస్సుకై త్వరపడేవారు ఎందరో!

ఆ ప్రశ్నకు సమాధానం ఆ దిబ్బ చరిత్రలోనే ఉన్నది. అమరావతిని ఆనుకొని ఉన్న ధరణికోటయే నాటి ధాన్యకటకం. శాతవాహనుల కాలంలో ఇచ్చటి స్తూపం పరిపూర్ణ వైభవాన్ని పొందింది. దాని వ్యాసం సుమారు 50 మీటర్లు. నాలుగు దిక్కులా ఐదేసి ఆయకస్తంభాలు బుద్ధుని జీవితంలోని ఐదు ప్రధాన ఘట్టాలకు సంకేతాలుగా నిలిచేవి. చుట్టూ ఉన్న రాతిప్రాకారం జాతకకథల శిల్పాలతో అలరారేది.

కాలక్రమాన ఆదరణ కరవై స్తూపం మట్టిలో పూడిపోయింది. అది బౌద్ధస్తూపమన్న సంగతి మరుగున పడి, 'దీపాలదిన్నె' అన్న పేరు మిగిలింది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో నూతన రాజధానిని నిర్మించినప్పుడు, ఇటుకలకోసం, రాళ్ళకోసం దిన్నెను తవ్వారు. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూశాడు. 1816లో అతడు మరల వచ్చేసరికి దిన్నె నడిమిభాగం చెరువుగా మారింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు చేరాయి. వాటిలో వందకు పైగా 1859లో లండనుకు తరలిపోయాయి. నేడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరెన్నో శిల్పాలు చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

తరలించినవారు శిల్పాలను రక్షించారా, హరించారా? దూరదేశంలోనైనా అవి నిలిచి ఉన్నాయన్నది ఒక సత్యం. పుట్టిన నేలకు దూరమయ్యాయన్నది మరొక సత్యం. ఆ ఫలకాలలో కొన్నింటిపై సంపూర్ణ స్తూపరూపమే చెక్కి ఉన్నది. దిబ్బ పూర్వరూపాన్ని నేటివారికి తెలుపుతున్నవి అవే. అంటే, స్థలం ఒకచోట, దాని సాక్ష్యం వేరొకచోట ఉన్నాయి.

అమరావతిలోని పురావస్తు ప్రదర్శనశాలలో మిగిలిన శిల్పాలను, స్తూపపు నమూనాను చూచి, ఈ సంగతులెరిగి మరల దిబ్బ వద్దకు వచ్చిన యాత్రికునికి అదే పచ్చిక, అవే విరిగిన స్తంభాలు కనిపిస్తాయి. కాని ఈసారి అతడు పెదవి విరవడు. "ఇంతేనా?" అన్న నోటనే "ఎంత పోయింది!" అన్న మాట వెలువడుతుంది.

అర్థాలు
శిథిలం = పాడుపడినది
అలరారు = శోభిల్లు
హరించు = అపహరించు

ప్రశ్నలు
1. యాత్రికుని నిరాశకు కారణాలేవి?
2. అమరావతి శిల్పాలు చెల్లాచెదరైన తీరును వివరించండి.
3. "స్థలం ఒకచోట, దాని సాక్ష్యం వేరొకచోట" – సందర్భాన్ని వివరించండి.