41 మందా, 27 మందా?



ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివిన మేం ముగ్గురం ఎంసీఏ ప్రాజెక్టు కింద మన మార్కుల రిజిస్టరును కంప్యూటర్లోకి ఎక్కించాం. మా మూడిళ్లలోనూ డిగ్రీ చదివినవాళ్లం మేమే మొదలు. అందుకని తప్పు చేస్తే సరిదిద్దేవాళ్లు ఇంట్లో లేరు. చేసిన తప్పే మీకు పాఠంగా రాస్తున్నాం.

మేం వాడింది పైథాన్, జాంగో. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్. మనం పైథాన్‌లో రాసినదాన్ని ఎస్‌క్యూఎల్‌గా మార్చి పంపే భాగమే ఓఆర్ఎం. 'ఫిల్టర్' అంటే జల్లెడ పట్టడం, 'కౌంట్' అంటే మిగిలినవి లెక్కపెట్టడం. పైథాన్‌లో 'లెన్' అనేది కూడా ఉంది గానీ, అది వరుసలన్నీ మోసుకొచ్చి లెక్కపెడుతుంది. కౌంట్ అయితే డేటాబేస్ లోపలే లెక్క తేల్చి ఒక్క అంకె తెస్తుంది. పేర్లు ఎలాగూ తెరమీద చూపించాలంటే మాత్రం లెన్ చాలు.

అర్ధ సంవత్సర పరీక్షల్లో ఏదో ఒక సబ్జెక్టులో 35 కన్నా తక్కువ వచ్చినవాళ్లు ఎందరని ట్యూటర్ గారు అడిగారు. ప్రోగ్రాం 41 అంది. సార్ చేత్తో లెక్కేస్తే 27! ఆ 41 నోటీసు బోర్డు ఎక్కి ఉంటే మన పిల్లల పరువు ఏమయ్యేది?

పిల్లల పట్టిక వేరు, మార్కుల పట్టిక వేరు. మార్కుల మీద షరతు పెట్టగానే ఓఆర్ఎం రెంటినీ జాయిన్ చేస్తుంది. గణితంలో 28, సైన్సులో 31 వచ్చిన పిల్లవాడు రెండు వరుసలవుతాడు. కౌంట్ లెక్కించింది ఆ వరుసలను. కౌంట్‌కు ముందు 'డిస్టింక్ట్' చేర్చాం, 27 వచ్చింది.

తర్వాత గణితం ఒక్కదాంట్లో తప్పినవాళ్లు ఎందరన్నారు. 'సబ్జెక్టు గణితం' అని ఒక ఫిల్టర్, దాని వెనక '35 కన్నా తక్కువ' అని ఇంకో ఫిల్టర్ రాశాం. మళ్లీ 41! ఇది పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. విడివిడిగా రాస్తే జాంగో మార్కుల పట్టికను రెండుసార్లు జాయిన్ చేస్తుంది. గణితం పరీక్ష రాసి, ఏ సబ్జెక్టులో తప్పినా లెక్కలోకి వచ్చేస్తారు. షరతులు రెండూ ఒకే ఫిల్టర్ బ్రాకెట్లో పెడితేనే ఒకే మార్కుల వరుసకు వర్తిస్తాయి.

అలా మార్చాక 19 వచ్చింది. సార్ పెన్సిలు లెక్కలోనూ 19.