ఎడారిలో ఊట కొలిచేవాళ్లు



ఎడారి అంటే ఏమిటి? మా కేంద్రంలో ఒకరోజు ఈ ప్రశ్న అడిగాను. "ఇసుక" అన్నారు కొందరు. "ఒంటెలు" అన్నారు ఇంకొందరు. "నీళ్లు లేని చోటు" అంది ఒక పెద్దమ్మ.

"అలాంటి చోటికి నీళ్లు కొలవడానికే మనుషులు వెళ్తారు, తెలుసా?" అన్నాను.

"పనీ పాటా లేక పోతారేమో" అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పని ఏమిటో ఈ పాఠంలో చదువుదాం.

అమెరికా దేశంలో అరిజోనా అనే రాష్ట్రం ఉంది. అందులో దక్షిణం వైపు ఉన్నది సొనోరా ఎడారి. అక్కడ ఇసుక దిబ్బలు తక్కువ. రాళ్లు, ముళ్ల కంపలు, జెముడు చెట్లు ఎక్కువ. సగువారో అనే జెముడు ఇంటి కప్పు కంటే ఎత్తు పెరుగుతుంది. ఆ ఎడారిలో టూసన్ అనే పట్నం ఉంది. అక్కడ ఏడాదికి సుమారు 11 అంగుళాల వాన పడుతుంది. మన అనంతపురంలో పడే వానలో అది దాదాపు సగం.

ఎడారి మధ్యలో పెద్ద పెద్ద కొండలున్నాయి. వాన పడినా, చలికాలంలో మంచు పడినా ముందు ఆ కొండల మీదే పడుతుంది. ఆ నీరు రాళ్ల పగుళ్లలోకి ఇంకుతుంది. కిందికి కిందికి పోతుంది. ఎక్కడో గట్టి రాయి అడ్డం వస్తుంది. అప్పుడు నీరు పక్కకు తిరిగి, కొండ వాలులో బయటికి వస్తుంది. అదే ఊట. కొన్ని చోట్ల బుగ్గలా ఉబుకుతుంది. కొన్ని చోట్ల రాయి మీద తడి మాత్రమే కనిపిస్తుంది. కొన్ని ఊటల్లో ఇవాళ వచ్చే నీరు మన ముత్తాతలు పుట్టకముందు కురిసిన వాన.

ఎండాకాలంలో ఎలుగుబంటి, జింక, పక్షులు, తేనెటీగలు అన్నీ ఆ తడి దగ్గరికే వస్తాయి. టొహొనో ఓధమ్ అనే ఆదివాసీలు తరతరాలుగా ఈ ఎడారిలో బతుకుతున్నారు. సర్కారు పటాలు గీయకముందే వాళ్లకు ఊటలు తెలుసు.

ఈ కొండల్లో చాలా భాగం ప్రభుత్వ అడవి. కొంత భాగం జాతీయ పార్కు. సగువారో జాతీయ పార్కు అక్కడిదే. ఇలాంటి వాటిని రక్షిత ప్రాంతాలు అంటారు. అంటే, ప్రకృతిని కాపాడాలని ప్రభుత్వం హద్దులు గీసిన చోట్లు. పటంలో ఊట ఉన్నచోట ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్క పెట్టి ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడక్కడ నీరుందా, ఎండిందా? అన్ని చుక్కల దగ్గరికీ వెళ్లి చూడటానికి ఉద్యోగులు చాలరు. అందుకని వాలంటీర్లు వెళ్తారు. టూసన్‌లో స్కై ఐలాండ్ అలయన్స్ అనే సంస్థ ఉంది. అది ఇలాంటి వాళ్లకు నేర్పి పంపుతుంది. జీతం లేదు. మన అక్షరదీపం కేంద్రాల్లో మేం చెప్పినట్లే అనుకోండి.

పొద్దున్నే బయల్దేరతారు. ఒక్కరే పోరు. తాగే నీళ్లు ఎక్కువగా మోసుకుపోతారు. దారిలో నీళ్లు దొరుకుతాయని నమ్మకం లేదు కదా! ఊట దగ్గరికి చేరాక గబగబా తొక్కుకుంటూ లోపలికి పోరు. తడి నేల తొక్కితే మొక్కలు పాడవుతాయి. బూట్లు కూడా కడిగి ఆరబెట్టుకుని ఉండాలి. ఎందుకంటే కప్పలకు ఒక బూజు తెగులు వస్తుంది. అది ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు బూట్ల తడితో పాకుతుంది. ఆ తెగులు చాలా కప్పల్ని చంపింది.

ఇక కొలత. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఒక గిన్నె, సెకన్లు చూపే గడియారం చాలు. పారే నీటిని ఒక గొట్టంతోనో రేకుతోనో గిన్నెలోకి మళ్లిస్తారు. గిన్నె నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఒకసారి చూస్తే తప్పు రావచ్చు. అందుకని మూడు నాలుగు సార్లు చూస్తారు.

పలక తీయండి. మనమూ లెక్క వేద్దాం. గిన్నె 2 లీటర్లది అనుకుందాం. మొదటిసారి 38 సెకన్లు పట్టింది. రెండోసారి 42. మూడోసారి 40. మూడూ కూడితే 120. మూడుతో భాగిస్తే 40. అంటే 40 సెకన్లకు 2 లీటర్లు. నిమిషానికి 3 లీటర్లు. గంటకు 180 లీటర్లు. రోజుకు 4,320 లీటర్లు. మన బిందె 15 లీటర్లదైతే, 288 బిందెలు! ఏలెడు ధార అని తీసిపారేయకూడదు.

నీరు పారకుండా మడుగులా నిలిచి ఉంటే టేపుతో పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. నీరు ఎంత వేడిగా ఉందో చూస్తారు. మొక్కల పేర్లు, బురదలో జంతువుల అడుగులు రాస్తారు. పాత రోజుల్లో పశువుల కోసం ఊటకు గొట్టం వేసి తొట్టి కట్టినవాళ్లున్నారు. అదీ రాస్తారు. ఏ రాయి మీద నిలబడి ఫోటో తీశారో, మళ్లీ వచ్చినప్పుడు అక్కడే నిలబడి తీస్తారు. అప్పుడే తేడా తెలుస్తుంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఒక్కోసారి ఎండలో గంటల తరబడి నడిచి వెళ్తే అక్కడ ఊటే ఉండదు. ఎండిన రాయి ఉంటుంది. అయినా ఆ రోజు వృథా కాదు. తేదీ వేసి "నీరు లేదు" అని రాస్తారు. లేదు అని రాయడం కూడా పనే. రాయకపోతే, ఎప్పుడు ఎండిందో ఎవరు చెప్పగలరు?

"సరే, రాశారు. రాస్తే నీళ్లొస్తాయా?" అని మీరడగవచ్చు. మా పెద్దమ్మ అడిగింది కూడా. దానికి జవాబు అరిజోనా పక్కనున్న నెవడా రాష్ట్రంలో జరిగిన ఒక కథలో ఉంది. అక్కడ కొలిచింది వాలంటీర్లు కాదు, ప్రభుత్వ ఉద్యోగులు. కొలిచి రాసే పని మాత్రం ఇలాంటిదే.

నెవడా ఎడారిలో డెవిల్స్ హోల్ అనే బిలం ఉంది. అంటే దయ్యం బిలం. పేరుకే దయ్యం. లోపల వెచ్చని నీళ్ల మడుగు. అందులో అంగుళం కూడా లేని నీలం చేపలు. ఆ రకం చేపలు సహజంగా ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. నీటి కింద ఒక రాతి అరుగు ఉంది. దాని మీద పాచి పెరుగుతుంది. చేపలు ఆ పాచి తింటాయి, అక్కడే గుడ్లు పెడతాయి. 1952లో ప్రభుత్వం ఆ బిలాన్ని రక్షిత ప్రాంతంలో కలిపింది.

1962లో ఆ బిలం గోడకు ఒక రాగి వాషరు బిగించారు. వాషరు నుంచి నీరు ఎంత కిందికి ఉందో కొలిచి, రోజూనో వారానికొకసారో రాసిపెట్టారు. 1968 దాకా నీరు వాషరుకు 1.2 అడుగుల కింద ఉండేది. కాలాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ, అంతే.

1968లో రెండున్నర మైళ్ల దూరంలో ఒక పెద్ద ఆసామి తన పొలంలో మోటార్లు పెట్టి భూగర్భ జలం తోడటం మొదలుపెట్టాడు. ఆయనది 12,000 ఎకరాలు. ఈ అంకెలు చదవండి:

1969లో 2.3 అడుగులు.
1970లో 3.17 అడుగులు.
1971లో 3.48 అడుగులు.
1972లో 3.93 అడుగులు.

అంటే నాలుగేళ్లలో నీరు ఎంత దిగిందో చూడండి. రాతి అరుగు చాలా వరకు బయటపడింది. మోటారు రక్షిత ప్రాంతం హద్దు బయటే ఉంది. కానీ భూమి లోపలి నీటికి హద్దు రాళ్లు ఉండవు కదా. పక్క చేలో లోతు బోరు వేస్తే మన బావి ఎందుకు ఎండుతుందో మీకు నేను చెప్పాలా!

కేసు అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ఆ పొలంలో 80 మందికి పైగా పనిచేసేవాళ్లు. వాళ్ల కూలి సంగతి కూడా ఉంది. చిన్న చేపల కోసం ఇంత గొడవా అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. అది తేలిక విషయమని నేననను. 1976లో తీర్పు వచ్చింది. కోర్టు మోటార్లను పూర్తిగా ఆపలేదు. బిలంలో నీరు ఒక గుర్తు కంటే కిందికి దిగకూడదు, అది చూసుకుని తోడుకోవాలి అంది. ఆ గుర్తును లెక్కపెట్టింది ఆ రాగి వాషరు నుంచే. కోర్టు తన తీర్పులో పైన మీరు చదివిన అంకెలనే రాసింది. 1962 నుంచి రాసిన కాగితాలు లేకపోతే, "నీరు ఎప్పుడూ ఇంతే" అంటే ఎవరు కాదనగలరు?

అక్కడితో చేపల కష్టాలు తీరలేదు. 2013లో లెక్కపెడితే 35 చేపలే కనిపించాయి. ఇప్పటికీ వాటిని లెక్కపెడుతూనే ఉన్నారు.

ఈ కథ విని మా పెద్దమ్మ నవ్వలేదు. "మా ఇంటి వెనక బావిలో నేను కోడలిగా వచ్చినప్పుడు పది బారల తాడు చాలేది. ఏ సంవత్సరమో గుర్తు లేదు" అంది. ఆ మాటే పలక మీద రాయించాను. "బారలు"లో బండి ర ఉండదు, మామూలు ర అని రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది.

మాట్లాడుకోండి

1. నీరు లేని ఊట దగ్గర వాలంటీర్లు ఏమని రాస్తారు? ఎందుకు?
2. పొలంలో కూలీలకు పని ఉండాలి, బిలంలో చేపలూ బతకాలి. కోర్టు ఏం చేసింది? మీరైతే ఏం చేసేవారు?

లెక్క చేయండి

మీ వీధి కుళాయి కింద బిందె పెట్టండి. నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూడండి. కూడి, మూడుతో భాగించండి.

రాయండి

తేదీ: ..........
బావి లేదా కుళాయి ఎక్కడ: ..........
తాడు ఎన్ని బారలు, లేదా బిందె ఎన్ని సెకన్లు: ..........
కొలిచినవారి పేరు: ..........

వచ్చే నెల ఇదే తేదీన మళ్లీ కొలిచి, దీని కిందే రాయండి.