స్నాప్‌షాట్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనా?

పాత పీసీలో ట్రూనాస్ వేసి ఇంట్లో ఫైల్ సర్వర్ పెట్టుకున్నారా? అయితే ఈ తేడా తెలుసుకోండి.

ట్రూనాస్ వాడే జెడ్‌ఎఫ్‌ఎస్‌లో డిస్కులన్నీ కలిసి ఒక పూల్ అవుతాయి. 4 టీబీ డిస్కులు మూడు రెయిడ్‌జెడ్1లో పెడితే సుమారు 8 టీబీ వాడుకోవచ్చు. ఒక డిస్కు పోయినా డేటా ఉంటుంది. దాని బదులు కొత్తది సిద్ధమయ్యేలోపు రెండోది కూడా పోతే పూల్ పోయినట్టే.

మరి స్నాప్‌షాట్? ఫైల్ మార్చినప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్ పాత బ్లాక్ మీద రాయదు, కొత్త చోట రాస్తుంది. స్నాప్‌షాట్ ఆ పాత బ్లాకుల్ని చెరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. అందుకే క్షణంలో తీసుకోవచ్చు, మొదట్లో స్పేస్ దాదాపు పట్టదు. అక్క పెళ్లి ఫోటోలు పొరపాటున డిలీట్ చేసినా వెనక్కి వస్తాయి.

కానీ ఆ బ్లాకులు ఉండేది అదే పూల్‌లో. పూల్ పోతే స్నాప్‌షాట్లూ పోతాయి. రెప్లికేషన్ టాస్క్ పెట్టి వాటిని వేరే మెషీన్‌కి పంపండి. అప్పుడే అది బ్యాకప్.