ఉల్లివేరు చెప్పే సాక్ష్యం

"ఆకుపసరే కదా, మంచి చెయ్యకపోయినా చెడు చెయ్యదులే" అనే మాట మా ఊళ్ళో తరచు వింటుంటాను. మాది వ్యవసాయ కుటుంబం. చెట్టూచేమల మీద మాకున్న నమ్మకం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. అయితే ఆ నమ్మకాన్ని పరీక్షించడం మొదలుపెట్టడానికి ఒక ఉల్లిగడ్డ, ఒక మైక్రోస్కోపు చాలు.

ఉల్లిగడ్డ అడుగు నీళ్ళకు తగిలేటట్లు గ్లాసుమీద నిలబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లని వేళ్ళు దిగుతాయి. వేరుకొసన ఒకటి రెండు మిల్లీమీటర్ల మేరలోనే కణాలు చురుగ్గా విభజన చెందుతాయి. ఆ కొసను స్థిరపరచి, ఆసిటోకార్మిన్ రంగు పట్టించి, గాజుపలక మీద నలిపి చూస్తే కణానికి 16 క్రోమోజోములు కనబడతాయి. నూటికి ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయో ఆ లెక్కే సమవిభజన సూచిక. కొన్ని వేళ్ళను మంచినీళ్ళలో, కొన్నింటిని వేర్వేరు పాళ్ళలో పసరు కలిపిన నీళ్ళలో ఉంచి ఈ సూచికలను పోల్చాలి.

1938లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ లెవాన్ ఉల్లివేళ్ళ మీద కాల్చిసిన్ ప్రభావాన్ని వివరించాడు. క్రోమోజోములను రెండు వైపులకూ లాగే కండెపోగులు ఏర్పడవు. చీలిన క్రోమోజోములన్నీ ఒకే కణంలో చిక్కుకొని 16 కాస్తా 32 అవుతాయి. మన కంచెల మీద పాకే అడవినాభి దుంపలోనూ, గింజల్లోనూ ఉన్నది ఈ కాల్చిసినే. ఆ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ఇక బిళ్ళగన్నేరు. చక్కెర వ్యాధికి దాని ఆకు నమిలేవాళ్ళు మావైపు ఉన్నారు. కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రజ్ఞులు కూడా ఆ వ్యాధికి పనికొస్తుందేమోననే ఎలుకల మీద పరీక్షించారు. తగ్గింది చక్కెర కాదు, రక్తంలోని తెల్లకణాలు! ఆ దారినే 1958లో విన్‌బ్లాస్టిన్ వెలుగులోకొచ్చింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌ను పిల్లల రక్తక్యాన్సరుకు ఇస్తున్నారు. రెండూ అడ్డుకునేది కండెనే. అయితే క్యాన్సరు కణాన్ని ఆపే మందు మంచి కణాన్నీ వదలదు. అందుకే వైద్యులు తూచి ఇస్తారు. నమిలే ఆకుకు తూకమేదీ?

సూచిక తగ్గినంత మాత్రాన మందు దొరికిందని పొంగిపోకూడదు. ఉల్లివేరు మనిషి కాదు. ఆ వేరును మళ్ళీ మంచినీళ్ళలో పెట్టి, కణాలు కోలుకుంటాయో లేదో కూడా చూడాలి.

మిత్రులారా! సెలవులకు ఊరెళ్ళినప్పుడు పెద్దల వైద్యాన్ని ఎగతాళి చెయ్యకండి, గుడ్డిగానూ మింగకండి. ఏ మొక్క, ఏ భాగం, ఎంత మోతాదు అని అడిగి రాసుకొని తీసుకురండి. మిగతాది ఉల్లివేరును అడుగుదాం.