మరుగుదొడ్డి: 'పాక్' చేయటం వేరు, క్రిములను చంపటం వేరు

హదీసు గ్రంథాల్లో సుననె అబూదావూద్, జామె తిర్మిజీ 'తహారత్' (పరిశుద్ధత) ప్రకరణంతోనే మొదలవుతాయి. ఫిఖహ్ గ్రంథం ఏది తెరిచినా సాధారణంగా మొదటి పాఠం అదే. నమాజు కన్నా ముందు నీళ్ళ సంగతి చదువుకుంటాం. అయితే వుజూ చేయటం పిల్లలకు ఎంతో శ్రద్ధగా నేర్పే మనం, మరుగుదొడ్డి కడగటం ఎలాగో మాత్రం ఎవరికీ నేర్పం. అది ఇంట్లో ఎవరో ఒక స్త్రీకో, పనిమనిషికో వదిలేసిన పనిగా మిగిలిపోతోంది.

ఇందులో ముందుగా ఒక తేడా గ్రహించాలి. ధర్మం దృష్టిలో మలమూత్రాలు నజాసత్. వాటిని తొలగించటానికి నీరు చాలు. ఒక పల్లెవాసి మస్జిదె నబవీలో ఓ మూలన మూత్రం పోసినప్పుడు సహాబాలు అతని మీదికి వెళ్ళబోయారు. దైవప్రవక్త (స) వారిని వారించారు. అతను ముగించాక అక్కడ ఒక బొక్కెన నీళ్ళు కుమ్మరించమన్నారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెండింటిలోనూ ఉంది. వివరాల్లో ధర్మవేత్తల మధ్య భేదాలున్నా, నజాసత్ పోయి, దాని రంగూ వాసనా లేకుండా పోతే ఆ చోటు పాక్ అయినట్లే.

మరి రోగక్రిముల సంగతి? టైఫాయిడ్, పచ్చకామెర్ల రకాల్లో ఒకటైన హెపటైటిస్-ఎ, పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటా వైరస్, ఇవన్నీ మలం ద్వారానే బయటికొస్తాయి. కంటికి కనిపించవు, వాసన రావు. నీళ్ళతో కడిగి పాక్ చేసిన చోట కూడా అవి మిగిలి ఉండవచ్చు. దీనికి తలకిందులుగా మరో పొరపాటు జరుగుతుంది. ఎండిన మూత్రం మీద ఘాటుగా ఫినాయిల్ చల్లి, ఘుమఘుమలాడుతోంది కాబట్టి శుభ్రమైందనుకుంటారు. అక్కడ నజాసత్ అలాగే ఉంది. మురికి అడ్డుపడటం వల్ల మందూ సరిగా పనిచేయదు. వాసన మారినంత మాత్రాన పాకీ రాదు, క్రిములూ చావవు.

కనుక వరస ముఖ్యం. ముందు ధారాళంగా నీళ్ళు పోయాలి. తర్వాత సబ్బుపొడి వేసి బ్రష్‌తో రుద్ది కడగాలి. ఆ తర్వాతే క్రిమిసంహారిణి. చివర మళ్ళీ మంచి నీళ్ళు. ఈ ఆఖరి నీళ్ళతో ధర్మపరమైన సందేహమూ తీరిపోతుంది. నీళ్ళు ఎత్తునుంచి కుమ్మరించకండి, తుంపర్లు బట్టల మీద పడతాయి. మూత్రపు తుంపర్ల విషయంలో అజాగ్రత్త సమాధి శిక్షకు కారణమవుతుందన్న హెచ్చరిక మనకు తెలిసిందే. బేసిన్ ఒక్కటీ తోమి ఊరుకోవటం కూడా సరికాదు. బద్నా పిడి, కొళాయి, తలుపు గడియ, లైటు స్విచ్చి: చెయ్యి తగిలేది వీటికే.

క్రిమిసంహారిణుల్లో చవకైనది, నమ్మదగినది బ్లీచింగ్ పౌడరే. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు బాలింతల మరణాలు తగ్గించటానికి డాక్టర్ల చేత చేతులు కడిగించింది ఈ సున్నపు క్లోరిన్ నీళ్ళతోనే. మామూలు రోజుల్లో లీటరు నీటికి ఒక టీ చెంచాడు (3, 4 గ్రాములు) చాలు. అదీ వారానికి ఒకటి రెండుసార్లు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు, కామెర్లు ఉంటే లీటరుకు సుమారు 15 గ్రాములు కలిపి రోజూ వాడాలి. ప్లాస్టిక్ బకెట్లో కలిపి, తేరుకున్నాక పైనున్న నీళ్ళు పోసి, కనీసం 10 నిమిషాలు ఆగాలి. పోసిన వెంటనే కడిగేస్తే ఫలితం ఉండదు. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. మూత తీసి వదిలేసిన పొడి సారం కోల్పోతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. బోరు నీళ్ళ వల్ల బేసిన్‌కు పట్టే పసుపు గార బ్లీచింగ్‌తో పోదు, దానికి యాసిడ్ కావాలి. మార్కెట్లో టాయిలెట్ క్లీనర్‌గా దొరికే నీలిరంగు ద్రవాల్లో చాలావాటిలో ఉండేదీ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. రెండూ మంచివే కదా, కలిపి పోస్తే ఇంకా బాగా పోతుందని కొందరు రెండూ ఒకేసారి పోస్తారు. అల్లాహ్ కాపాడుగాక! ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలిన విషవాయువు ఇదే. ఇది గాలికన్నా బరువైనది, కింద నేల దగ్గరే పేరుకుంటుంది. మన మరుగుదొడ్లలో కింద కూర్చుని, తలుపు మూసి తోమే మనిషి ముఖం ఉండేదీ అక్కడే. యాసిడ్ వాడిన రోజు బ్లీచింగ్ జోలికి పోవద్దు. తలుపు, కిటికీ తెరిచే ఉంచాలి. నిల్వ మూత్రం మీద కూడా నేరుగా బ్లీచింగ్ వేయకూడదు, దానివల్లా ఘాటైన వాయువులు వస్తాయి.

పొరపాటున కలిసిపోతే, కడిగేద్దామని అక్కడే ఉండకూడదు. వెంటనే బయటికి, గాలి ఆడే చోటికి వచ్చేయాలి. దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి వెళ్ళాలి, ఎందుకంటే కొన్నిసార్లు గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కంట్లో చిందితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడగాలి. ఈ సీసాలను కూల్‌డ్రింకు సీసాల్లోకి మార్చి పిల్లలకు అందేచోట పెట్టటం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

పనిమనిషి చేత చేయించేవారు ఈ సంగతులన్నీ ఆమెకు చెప్పాలి, చేతికి తొడుగులు కొనివ్వాలి. ఇంటి పనుల్లో దైవప్రవక్త (స) భార్యలకు సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ హదీసును ఇష్టంగా వినిపించే పురుషులు వారానికోసారి బ్రష్ పట్టుకుంటే బాగుంటుంది.

చివరిగా వస్‌వసా (అతి సందేహం) గురించి ఒక మాట. కొందరు కడిగిందే కడుగుతూ, గోడ తగిలినా బట్టలు మారుస్తూ బకెట్లకు బకెట్లు నీళ్ళు ఒంపేస్తారు. నజాసత్ కనబడనంత వరకు, కడిగిన నేల పాక్ అనే భావించాలి. ఇంట్లో రోగి లేనప్పుడు రోజూ బ్లీచింగ్ అక్కర్లేదు. పైగా అతిగా పోసిన మందులు సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే మేలైన క్రిములనూ చంపేస్తాయి.