తెల్లనొసటి పసిరికల ఇంటి సంగతి

కరెంటు తీగెలమీద కూర్చుండి ఎగిరెడి తేనెటీగలను పట్టుకొను చిన్న పచ్చపిట్టను మీరు చూచియే యుందురు. దానిని పసిరిక యందురు. దాని బంధువర్గములోనిదే ఆఫ్రికా ఖండమున కెన్యా మొదలు దక్షిణాఫ్రికా వరకు నివసించు తెల్లనొసటి పసిరిక. దాని గొంతు ఎరుపు, వీపు ఆకుపచ్చ, తోకక్రింది ఈకలు నీలము. కంటిమీదుగా నల్లని పట్టీ. తేనెటీగను పట్టినప్పుడు కొమ్మకు కొట్టి, రుద్ది, విషము పోగొట్టిన పిమ్మటనే మ్రింగును.

నదుల గట్టులు నిలువుగా తెగిన చోట్ల ఇవి గుంపుగా బొరియలు చేసికొనును. ముక్కుతో త్రవ్వి, కాళ్లతో మన్ను వెనుకకు తోయుచు, ఇంచుమించు ఒక మీటరు లోతున గుడ్లకొరకు గది కట్టుకొనును. కొన్ని ఆడపిట్టలు పొరుగు గూటిలో తమ గుడ్డు పెట్టి పోవును గనుక గూటికి కావలి తప్పదు!

కెన్యాలోని నకూరు సరస్సు ప్రాంతమున స్టీఫెన్ ఎమ్లెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును ఒక్కొక్క పిట్టకు గుర్తుపెట్టి పెక్కేండ్లు గమనించిరి. మూడు మొదలు పదిహేడు పిట్టల వరకు ఒక కుటుంబముగా బ్రతుకును. కుమారులు పుట్టినింటనే నిలుతురు, కుమార్తెలు జతగాని కుటుంబములో చేరుదురు. గూడు పెట్టని పెద్దపిల్లలు తమ తల్లిదండ్రుల పిల్లలకు మేత తెచ్చి పెట్టుదురు. వచ్చిన కోడలు మాత్రము అత్తింటి పిల్లలకు మేత తెచ్చుట అరుదు. వారు ఆమె రక్తసంబంధులు కారు గదా.

మేత చాలక చచ్చు పిల్లలు అనేకములు. కావున ఒక్క సహాయకుడున్నను ఎక్కువ పిల్లలు బ్రతుకుదురు. ఇందువలననే ఒక వింత జరుగును. 1992లో ఆ శాస్త్రజ్ఞులు దీనిని ప్రకటించిరి. కుమారుడు క్రొత్తగా జతకట్టి గూడు పెట్టబోవగా, తండ్రియే వెంబడించి, బొరియ ద్వారమున అడ్డుపడి, అతడు జతకు మేత నందింపనీయక పని చెడగొట్టును. వినుటకు అన్యాయముగానే తోచును. అయినను కుమారుడు గట్టిగా పోరాడడు. సహాయకులు లేని క్రొత్త జంటకు దక్కు పిల్లలు బహు తక్కువ. తన పిల్లలెంత దగ్గరి రక్తమో, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన తమ్ములు చెల్లెండ్రును అంత దగ్గరి రక్తమే. అతనికి కలుగు నష్టము కొంచెము, తండ్రికి కలుగు లాభము ఎక్కువ.

ఇట్లు ఓడిన కుమారులలో అనేకులు తమ గూడు విడిచి, తండ్రి బొరియకే తేనెటీగలు మోయుదురు.